సేవకు పోయే డాక్టర్లూ, తలుపు కాడ నేనూ

సేవ అనే మాట ఎవురైనా నా ముందర అంటే నేను లేచి పోతాను. ఇరవై రెండేండ్లుగా తొండియార్‌పేటలో ఒక కాన్పుల ఆసుపత్రిలో ఆయా పని చేస్తా ఉండాను. రక్తం గుడ్డలు పిండిన చేతులివి, కలం పట్టినవి కావు. నాకు రాసేదొచ్చింది నా పేరొక్కటే, అదీ అరవ అక్షరాల్లో. నేను చెప్తా ఉంటే పక్కింటి టీచరమ్మ తెలుగులో రాస్తా ఉండాది. నా మాటలు దిద్దొద్దని ముందే చెప్పినాను. రాసినాక చదివించుకోని వింటాను, దిద్దితే తెలిసిపోతుంది.

మా ఇంటాయన హార్బర్లో మూటలు మోసేవాడు. ఆయన పోయిన మూడో నెల ఈ పనిలో చేరినాను. అప్పుడు నా కొడుకు మూడో క్లాసు. ఆసుపత్రి పెద్దదేం కాదు. పది మంచాలు, ఒక థియేటరు, ఒక లేబర్ రూము, కింద మందుల అంగడి. దానికి సొంతదారు మా డాక్టరమ్మ. ఆమెది పాత శెట్టిగారింటి వంశం, తాతల కాలం నుంచి పప్పుల హోల్‌సేల్ వ్యాపారం. నాతో తెలుగులో మాట్లాడేది, మిగతా అందరితో అరవం.

ఈ సేవకు పోయే డాక్టర్లను నేను దగ్గర నుంచి చూసినాను. అందుకే నాకు ఈ మంట.

మొదట ఒక మత్తు డాక్టరు. ఆపరేషన్‌కి ముందు నడుములో సూది వేసే ఆయన. బాగా వేసేవాడు, దాంట్లో వంక పెట్టను. ఒకరోజు వచ్చి పట్టాళంలో చేరతా ఉండానన్నాడు.

"ఎందుకు సార్?" అన్నాను.

"దేశం కోసం ఆయా."

"తొండియార్‌పేట దేశంలో లేదా సార్?"

నవ్వి పోయినాడు. తర్వాత సిస్టర్లు చెప్పినారు, పెద్ద చదువు సీటుకి మూడు మార్లు రాసి తప్పినాడంట. పట్టాళంలో కొన్నేండ్లు చేస్తే వాళ్ళకు సీట్లు వేరే ఉంటాయంట. ఐదేండ్లకు మీసం పెంచుకోని సీటు తెచ్చుకోని వచ్చినాడు. ఆయనకు కావాల్సింది దేశం ఇచ్చింది. బాగుంది, నేనెందుకు వద్దంటాను. అయితే ఆ కత చెప్పేటప్పుడు గుండె మీద చెయ్యి ఎందుకు?

ఇంకొకాయన ఎముకల డాక్టరు. సాయంత్రాల్లో కింద రూములో కూర్చుని చూసేవాడు. యాడో కొండల దేశంలో భూమి అదిరిందని పన్నెండు దినాలు పోయొచ్చినాడు. వచ్చినాక టి. నగర్లో ఒక హోటల్లో మీటింగు. కుర్చీలు నిండాలని మమ్మల్ని కూడా వ్యాన్‌లో తీసుకపోయినారు. తెర మీద ఫోటోలు వేసినాడు. కాలికి కట్టు కట్టిన ఒక పసిబిడ్డను ఎత్తుకోని ఉండాడు. ఆ ఫోటో వచ్చేటప్పటికి కండ్లద్దాలు తీసి కండ్లు తుడుచుకున్నాడు. దొంగ ఏడుపు అనను. నిజం ఏడుపే. అదే నాకు మంట. ఎందుకంటే దానికి ముందు నెల్లోనే మా వీధి లారీ క్లీనరు కాలు ఆయన చేతిలోనే వంకరగా అతికింది. వాడు కుంటుకుంటా మూడు మార్లు వచ్చినాడు. మూడు మార్లూ ఈయన తలెత్తకుండా "నడస్తా ఉండావు గదా, సరి పో" అన్నాడు. అప్పుడు ఏడుపు రాలేదు. ఆ కొండల్లో బిడ్డ రివ్యూకి రాదు, చూడండి. ఆ బిడ్డ కాలు సరిగ్గా అతికిందో లేదో ఎవురికీ తెలీదు. అందుకే అంత సల్లంగా ఏడవచ్చు.

ఒక్కరిని మాత్రం నేను ఏమీ అనను. చిన్న సిస్టర్ ఒకతి ఉండేది, పట్టాళంలో నర్సుగా చేరింది. ఎందుకమ్మా అంటే, "ఆడ నాకని ఒక మంచం ఉంటుంది ఆయమ్మా, తలుపుకు లోపల గడియ ఉంటుంది" అనింది. వాళ్ళింట్లో ఏం జరిగేదో నేను అడగలేదు. ఆ అమ్మాయి సేవ అనే మాట నోటితో అనలేదు.

ఇంక మా డాక్టరమ్మ సంగతి.

మా ఆసుపత్రిలో ఒక పద్ధతి ఉండాది. ఒక్క మా దాంట్లోనే అని కాదు. బిడ్డ ఏ గడియలో పుట్టాలో ఇంటివాళ్ళు జాతకాలు చూసే జోసియర్‌ను అడిగి రాయించుకొస్తారు. ఫలానా రోజు, ఫలానా నిమిషం నుంచి ఫలానా నిమిషం లోపల. రాహుకాలం తగలకూడదు, ఎమగండం తగలకూడదు. ఆ చీటీ తెచ్చి నా చేతిలో పెడతారు, నేను డాక్టరమ్మకిస్తాను. ఆ రోజుకి సిజేరియన్. నొప్పులు వచ్చినాయా, బిడ్డ దిగిందా, ఆ మాటే లేదు. మనిషిని బల్ల మీద పడుకోబెట్టి మత్తిచ్చి పొట్టకు మందు పూసి అంతా సిద్ధం చేసుకోని, డాక్టరమ్మ రెండు చేతులూ ఎదకు ఆనించుకోని నిలబడేది. నేను థియేటరు తలుపు కాడ. బయట వాళ్ళ మామో తాతో ఫోన్ పట్టుకోని ఉంటాడు. "ఇంకా మూడు నిమిషాలుండాయి, ఆగమను" అంటాడు. నేను లోపలికి "ఆగాలంట" అంటాను. "సరి, ఇంక కానీమను" అంటాడు. నేను "ఇంక కానీమంటా ఉండారు" అంటాను. అప్పుడు కత్తి ఆడుతుంది. ఇరవై రెండేండ్లలో ఎన్ని మార్లు అన్నానో ఆ మాట.

పోయిన ఏడు నా కోడలికి పెండ్లయిన ఆరేండ్లకు కడుపొచ్చింది. కొడుకు షోళింగనల్లూరు పక్క ఆఫీసు క్యాబు తోలుతాడు, పొద్దు పొడవక ముందే పోతాడు. అందుకే కోడల్ని చెకప్‌కి నేనే తీసుకపోయేదాన్ని. డాక్టరమ్మే చూసింది. అంతా బాగుంది, తల కిందికే ఉంది, మామూలు కాన్పే అవుతుందనింది. ఆరేండ్లకు వచ్చిన కడుపు, డాక్టరమ్మ చేతిలో పడితే చాలు అని నేను నిమ్మళంగా నిద్రపోయినాను.

ఎనిమిదో నెలలో ఒక మధ్యాహ్నం స్టాఫు అందర్నీ పిలిచి చెప్పింది. యుద్ధం జరిగే దేశం ఒకటి, ఎడారి పక్క. ఆడ గుడారాల్లో ఆసుపత్రి పెట్టినారంట, కాన్పులు చూసే డాక్టర్లు లేరంట. ఈమె ఆరు నెలలు పోతుందంట. జీతం ఏమీ ఉండదంట. వచ్చే ఆదివారం కాక ఆ పై ఆదివారం ప్రయాణం.

సిస్టర్లు చప్పట్లు కొట్టినారు. నేను కొట్టలేదు. కోడలి దినాలు లెక్కబెట్టుకుంటా ఉండినాను. ఈమె పోయినాక మూడు వారాలకు కాన్పు.

ఆ సాయంత్రమే జోసియర్ దగ్గరికి పోయినాను. ఇది నేను చేసిన పని, దాచేదేం లేదు. ఆమె పోయే లోపల ఒక మంచి గడియ రాసివ్వమన్నాను. శుక్రవారం, తొమ్మిదీ ఇరవై నుంచి తొమ్మిదీ నలభై అని రాసిచ్చినాడు. తర్వాత రోజు ఓపీ అయినాక డాక్టరమ్మ బల్ల మీద పెట్టినాను.

ఆమె చీటీ చూసింది, నన్ను చూసింది. "ఎవరిది ఆయమ్మా?"

"మా కోడలిది."

"నువ్వు కూడానా?"

"నేనేం, మనిషిని కానా?"

"ముప్పై ఏడు వారాలు కూడా నిండలేదు. పండని కాయ కోసేదా? ఆ పిల్లకు కోత అవసరమే లేదు. మంచి నొప్పులొస్తాయి, తానే కంటుంది."

"అప్పుడు నువ్వుండవు గదా."

"కొత్త డాక్టరు వస్తాడు. మంచివాడు, చదువుకున్నవాడు."

"నాకు చదువుకున్నవాడు వద్దు, నువ్వు కావాల. ఆడ యాడో మొకం తెలీని వాళ్ళ బిడ్డల్ని ఊరికే తియ్యను పోతా ఉండావు. ఇరవై రెండేండ్లు నీ తలుపు కాడ నిలబడినాను, నాకొక్క కడుపు కొయ్యలేవా?"

ఆమె కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది.

"నేను ఎందుకు పోతా ఉండానో తెలుసా? ఒక కాన్పు కోసం ఊరికే కూర్చుని కాచుకోని ఉండింది ఎప్పుడో నాకు గుర్తు లేదు. నొప్పులు ఎప్పుడొస్తే అప్పుడు చూసేదే నేను నేర్చుకున్న పని. ఇప్పుడు చేతులు కట్టుకోని గడియారం చూస్తా ఉండాను. ఆడ ఎవురూ చీటీ తీసుకోని రారు ఆయమ్మా. నన్ను డాక్టరుగా ఉండనిస్తారు."

వినేదానికి బాగుంది గదా. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇన్నేండ్లలో ఒక్కరికైనా వద్దని చెప్పినావా? లారీల సొంతదారు కూతురికి చెప్పినావా? నగల అంగడి వాళ్ళ కోడలికి చెప్పినావా? నీ మొదటి వద్దు ఈ ఆయాకే దొరికిందా?"

"నువ్వు గాబట్టే వద్దంటా ఉండా."

"అట్టయితే మిగతా వాళ్ళంతా ఎవురు?"

ఆమె చీటీ మడిచి నా చేతికిచ్చింది.

ఆదివారం డాక్టరమ్మ బయలుదేరింది. వాకిట్లో పూలమాల వేసినారు, ఫోటో తీసినారు. నన్ను కూడా పక్కన నిలబడమన్నారు. నాకు పనుందని లేబర్ రూములోకి పోయి, కడిగిన నేలనే మల్లా కడిగినాను. ఈడ నోరు తెరిచి ఒక మాట చెప్పలేక ఆడికి పారిపోయేదానికి పూలమాల ఎందుకు అని నా కోపం. సొంత కాపురంలో మొగుడికి ఎదురు చెప్పలేక కాశీకి పోయే ఆడోళ్ళను చూసినాను. వాళ్ళు కూడా పుణ్యానికి అనే చెప్తారు.

కొత్త డాక్టరు వచ్చినాడు. చిన్నవాడు, మెత్తని మాట. ఎవురేం చీటీ తెచ్చినా "సరింగమ్మా" అంటాడు. నాకు ఆయన చెయ్యి తెలీదు. కాన్పు దగ్గర పడే కొద్దీ నాకు భయం పెరిగింది. నొప్పుల కోసం కాచుకోని ఉండలేక, పోయి ఇంకో గడియ రాయించుకొచ్చినాను. బుధవారం పొద్దున తొమ్మిదిన్నర. ఆయన చూసి, "దివ్యంగా చేసేద్దాం ఆయా" అన్నాడు. కోడలు మాత్రం ఇంట్లో గోడకు ఆనుకోని కూర్చుని, "డాక్టరమ్మ వద్దనింది గదా అత్తమ్మా" అనింది.

"వద్దన్న మనిషి యాడ ఉండాది? గుడారంలో ఉండాది. నువ్వు నోరు ముయ్యి" అన్నాను.

మంగళవారమే వచ్చినాయి నొప్పులు. అన్నం తిని చెయ్యి కడుక్కుంటా ఉంటే ఉమ్మనీరు పోయింది. ఆటోలో వేసుకోని ఆసుపత్రికి చేరేటప్పటికి మూడు దాటింది. మంగళవారం మూడు నుంచి నాలుగున్నర రాహుకాలం. అది నాకు ఎవురూ చెప్పే పని లేదు.

పెద్ద సిస్టర్ చెయ్యి పెట్టి చూసి, "చాలా మటుకు తెరుచుకునింది ఆయా, జోరుగా ఉంది, గంటలోపల కంటుంది" అనింది. చిన్న డాక్టరు వచ్చినాడు. ఆయన కూడా చూసినాడు. బిడ్డ గుండె కొట్టుకునేది విన్నాడు. నా పక్కకు తిరిగి చాలా మర్యాదగా చెప్పినాడు.

"ఇది రాహుకాలం గదా ఆయా. నువ్వు భయపడొద్దు. ముక్కకుండా పట్టుకోని ఉండమందాం. నాలుగున్నర దాటినాక థియేటర్‌కి తీసుకపోదాం. నాలుగూ ముప్పై ఐదుకి తీసేస్తాను. రేపు ఎట్టాగూ ఆపరేషనే గదా."

కాగితం తెచ్చి నా చేతిలో పెట్టినాడు, సంతకం చెయ్యమని. కొడుక్కి ఫోన్ చేస్తే వాడు ట్రాఫిక్కులో ఉండాడు. "నువ్వే చూసుకోమ్మా, నీకు తెలీందా" అన్నాడు.

అవును, నాకు తెలీందేముంది. ముక్కకుండా పట్టుకోని ఉండేది అంటే ఏందో నాకు తెలుసు. మునుపు ఒక పెద్దింటి పిల్లకు అట్టే పట్టినాము. గడియ ఇంకా రాలేదని ఇరవై నిమిషాలు. ఆ పిల్ల రెండు కాళ్ళూ దగ్గరగా అదిమి పట్టింది నేనే. "ముక్కొద్దు తల్లీ, ఊపిరి ఊదు, ఊదు" అంటా. డాక్టరమ్మ పక్క రూములో ఉండింది, ఆమెకు తెలుసు, రాలేదు. బిడ్డ వంకాయ రంగులో పుట్టింది. ఏడ్చేదానికి చాలాసేపు పట్టింది. నాలుగు దినాలు అద్దం పెట్టెలో ఉండి బతికింది. వాళ్ళు మాకు స్వీటు బాక్సులిచ్చినారు, జాతకం దివ్యంగా ఉందని. నేను ఆ స్వీటు ఇంటికి తెచ్చి తిన్నాను కూడా.

కోడలు మంచం పట్టీ పట్టుకోని నన్నే చూస్తా ఉండాది. కాగితం మీద ఆ పిల్ల సంతకం కూడా కావాలంట. "నువ్వు చేస్తే నేనూ చేస్తా అత్తమ్మా" అనింది. అరవంలో అనింది. నొప్పొచ్చినప్పుడు ఆ పిల్లకు తెలుగు రాదు.

పెన్ను నా చేతిలోనే ఉండాది. నాకు మంచీ చెడ్డా ఏం తోచలేదు. జాతకం మాట గుర్తొస్తానే ఉండాది, ఆరేండ్లకు వచ్చిన బిడ్డ రాహుకాలంలో పుడితే రేపు దానికేదైనా అయితే ఊరంతా నన్నే అంటారనీ ఉండాది. ఆ వంకాయ రంగు కూడా కండ్లల్లో ఉండాది. డాక్టరమ్మ మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆమె ఉండి ఉంటే ఒక్క మాటతో తేల్చేది. ఆమె తేల్చాల్సింది నా చేతిలో పెట్టి పోయింది.

"నేను సంతకం పెట్టను సార్," అన్నాను.

"ఎందుకు ఆయా?"

"గుండె బాగానే కొట్టుకుంటా ఉందని మీరే గదా అన్నారు?"

"అవును. కానీ టైము..."

"అట్టయితే కననీండి."

పెద్ద సిస్టర్ ఆ మాట కోసమే కాచుకోని ఉన్నట్టు గ్లౌజులు వేసుకునింది. నేను కోడలి తల పక్కకు పోయి భుజాలు పట్టుకున్నాను. "ముక్కు," అన్నాను. ఆ మాట అనేదానికి కూడా నా గొంతు కొత్తగా ఉండింది. ఎప్పుడూ ఆపేదే గదా నా పని. చిన్న డాక్టరు కూడా, ఉన్న మాట చెప్పాల, వచ్చి నిలబడి బాగానే చూసినాడు. ఆయన చేసినవన్నీ కోతలేనంట, మామూలు కాన్పు ఒంటిగా చూసింది తక్కువంట, తర్వాత తానే చెప్పుకున్నాడు.

నాలుగూ పదికి పుట్టింది. ఆడబిడ్డ. పడీ పడకనే ఏడ్చింది.

నాలుగు దినాలకు డాక్టరమ్మ వీడియో కాల్ చేసింది. మొకం ఎండకు మాడిపోయి ఉండాది, తలకు గుడ్డ కట్టుకోని ఉండాది. వెనకాల ఎవురో అరుస్తా ఉండారు, జనరేటర్ మోత.

"సిస్టర్ చెప్పింది ఆయమ్మా. నువ్వు పట్టుపట్టినావంట గదా. నాకు ఏడుపొచ్చింది."

"ఆడ ఏడవొద్దు. ఎవురైనా ఫోటో తీస్తారు," అన్నాను.

నవ్వింది. నేను నవ్వలేదు.

"కోపం పోలేదా?"

"ఎందుకు పోవాల? నువ్వు చెప్పింది సరే. ఈడ మేము నిన్ను డాక్టరుగా ఉండనియ్యలేదు, అది ఒప్పుకుంటాను. చీటీలు మోసింది నేనే, అదీ ఒప్పుకుంటాను. అయినా నువ్వు ఈడ ఉండి చెప్పి ఉండాల్సింది. నువ్వు చెప్పాల్సింది నాతో చెప్పించినావు. ఆ గుడారంలో నువ్వు ఎంత మందికి పురుడు పోసినా నాకు అది సేవ కాదు."

ఆమె తల ఊపింది. అవునన్నట్టో, వినపడలేదన్నట్టో తెలీలేదు. తర్వాత, "ఇంకొక ఆరు నెలలు ఉండమంటా ఉండారు. ఉందామనుకుంటా ఉండా," అనింది.

"ఉండు. ఎవురు వద్దన్నారు?"

"బిడ్డను చూపించు."

కోడలి పక్కన పడుకున్న బిడ్డ మీదికి ఫోన్ తిప్పినాను. ఒక్కసారిగా ఆమె గొంతు మారిపోయింది. ఓపీలో ఉండే గొంతు.

"బొడ్డు కాడ ఏందది? కిటికీ దగ్గరికి తీసుకపో. వెలుతురులో పెట్టు. ఇంకొంచెం దగ్గరికి. గుడ్డ పక్కకు తియ్యి."

నాకు ఇష్టం లేదు. అయినా బిడ్డను ఎత్తుకోని కిటికీ కాడికి పోయినాను. గుడ్డ పక్కకు తీసినాను. ఫోన్ దగ్గరగా పెట్టినాను.

"చుట్టూ ఎర్రగా ఉందా, నీ కంటికెట్టుంది?"

"లేదు. బాగానే ఉంది."

"పసుపు రాసినావా?"

"లేదు," అన్నాను.

"ఏమీ రాయొద్దు. పొడిగా ఉండనీ. ఎర్రగా అయితే ఆ చిన్న డాక్టరుకి చూపించు, నా కోసం కాచుకోని ఉండొద్దు."

వెనకాల ఎవురో ఆమెను పిలిచినారు. ఆ దేశం మాట, నాకు అర్థం కాలేదు. ఆమె పోయి వస్తానని కూడా చెప్పకుండా లేచి పోయింది. ఫోన్ మాత్రం ఆడే పెట్టేసినట్టుంది, గుడారం కప్పు కనపడతా ఉండింది కొంచేపు.

నేను ఫోన్ కట్ చేసి, శుభ్రమైన గుడ్డ తడిపి తెచ్చి, పొద్దున నేను పూసిన పసుపంతా మెల్లగా తుడిచినాను. తుడిచినంతసేపూ ఆమెను తిడతానే ఉండినాను.